వీధికి అడ్డం పెట్టిన కుర్చీ

నేను ఒక అద్దె కుర్చీని. మెరూన్ రంగు ప్లాస్టిక్‌దాన్ని, చేతులున్నదాన్ని. నా వీపు మీద తెల్లరంగుతో ‘బుల్లబ్బాయి’ అని రాసి ఉంటుంది. అది నా పేరు కాదు, నా యజమానిది. తణుకులో టెంట్ హౌస్ ఆయనది. ప్రస్తుతం ఆ టెంట్ హౌస్ వెనక, తుప్పుపట్టిన ఇనప పైపుల పక్కన, మూడు కాళ్ళతో గోడకి చేరగిలబడి ఉన్నాను. నాలుగోకాలు ఎలా పోయిందో చెబుతాను. తీరిక ఉంటే వినండి.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోడానికేమీ లేదు. పాత బకెట్లు, పగిలిన బిందెలు, ఎవరెవరి చెప్పులో కూడా కలిపి కరిగించి అచ్చులో పోశారు. చల్లారేసరికి కుర్చీనయ్యాను. ఆ పూట నుంచి ఈ పూట వరకు మనుషుల బరువు మొయ్యడమే నా పని. పెళ్ళయితే తెల్ల గుడ్డ తొడిగి వెనక రిబ్బను ముడేస్తారు. చావయితే ఉత్త ఒంటితోనే తీసుకుపోతారు. పొద్దున చావింట్లో కళ్ళొత్తుకున్న పెద్దమనిషే సాయంత్రం పెళ్ళిలో నా మీదే కూర్చుని కిళ్ళీ నమలడం ఎన్నిసార్లో చూశాను. అందులో తప్పుపట్టడానికేముంది? రెండుచోట్లా ఆయన బరువు ఒకటే.

మాకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. ఇంటి ముందు వీధికి అడ్డంగా షామియానా వేసినప్పుడు, వీధి మలుపులో ఒక కుర్చీని నడిమధ్య నిలబెడతారు. వచ్చే బండి దాన్ని చూసి, లోపల ఏదో కార్యం జరుగుతోందనుకుని వేరే దారిన పోతుంది. పోలీసాయన చెయ్యెత్తినా ఆగనివాళ్ళు ప్లాస్టిక్ కుర్చీని చూస్తే మర్యాదగా వెనక్కి తిప్పుతారు. ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఆ రోజు ఎరువుల కొట్లో గుమాస్తా సూర్యారావుగారింట్లో ఆయన కూతురు లహరికి ఓణీల ఫంక్షను. పొద్దున్నే సూర్యారావు స్వయంగా నన్ను తెచ్చి మలుపులో పెట్టాడు. నాకు హాయిగానే ఉంది. ఎవరూ కూర్చోకుండా నీడపట్టున నిలబడే ఉద్యోగం మాకు అరుదుగా దొరుకుతుంది.

మధ్యాహ్నం అవుతుండగా సూర్యారావు అక్క నాగరత్నం వచ్చింది. ఈవిడ సంగతి తర్వాత అమ్మలక్కల మాటల్లో విన్నాను. ఆ ఇంటి గృహప్రవేశం నాడు కూర్చోమనే దిక్కులేక నిలబడ్డానని అలిగి, అప్పట్నుంచి తమ్ముడి గుమ్మం తొక్కలేదట. ఈ ఫంక్షనుకి ఆవిణ్ణి రప్పించడానికి సూర్యారావు భార్య సత్యవేణి వాళ్ళింటికి వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకుందట. తీరా ఆవిడ వచ్చేసరికి షామియానా కింద ఒక్క కుర్చీ ఖాళీ లేదు. మనుషులు లేనివాటి మీద తువ్వాళ్ళూ హ్యాండ్‌బ్యాగులూ కూర్చుని ఉన్నాయి. వాటిని లేపే ధైర్యం ఎవరికుంది?

నాగరత్నం నిలబడింది. సత్యవేణి అది చూసింది. గంధం గిన్నె పట్టుకునే అటూ ఇటూ చూసి, గబగబా మలుపు దాకా వచ్చి నన్ను ఎత్తుకుపోయింది. ఇంకో కుర్చీ దొరకగానే దీన్ని మళ్ళీ పెట్టేద్దామనే అనుకుని ఉంటుంది. పందిరి చివర, మలుపు వైపు అంచున, ప్రహరీగోడ వారగా నన్ను వేసి, ఇక్కడైతే గాలి తగులుతుంది కూర్చోండి వదినగారూ అంది. నాగరత్నం కూర్చుంది. ఇంతలో ఎవరో పిలిస్తే సత్యవేణి లోపలికి వెళ్ళిపోయింది. వీధి మలుపు బోసిగా ఉండిపోయింది.

పిల్లకి హారతిచ్చే వేళయింది. మేనత్తగా పళ్ళెం తానే పట్టాలని నాగరత్నం కొంగు సర్దుకుని ఎదురుచూస్తోంది. ఆవిణ్ణి పిలిచేలోపే సత్యవేణి అక్క చొరవగా పళ్ళెం అందుకుంది. నాగరత్నం ముఖం గంటు పెట్టుకుంది. ఇంక ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టనని పక్కావిడతో చెప్పి, విసురుగా లేచి, ఆ ముక్క తమ్ముడి మొహాన అనెయ్యడానికి పిల్ల కూర్చున్న పీట వైపు నడిచింది.

సరిగ్గా అప్పుడే మలుపులోంచి కారు వచ్చింది. రోజూ వచ్చే వేగంతోనే వచ్చింది. బ్రేకు కీచుమంది. నన్ను గోడకి అదిమి ఆగింది. నా కాలు విరిగిన చప్పుడు నాకే ఎవరిదోలా వినిపించింది. ప్లాస్టిక్‌కి నొప్పి తెలియదు కదా. ఆవిడ నా మీద వదిలి వెళ్ళిన తమలపాకులూ అరటిపండూ చక్రం కింద నలిగిపోయాయి.

జనం కారు చుట్టూ మూగారు. దిగినవాడు వెనకవీధి మందులషాపాయన. వెధవా, కళ్ళు నెత్తికెక్కాయా అని నలుగురూ తిడుతుంటే ఒకటే మాట అన్నాడు. “అడ్డం ఏమీ లేదండి. ఉంటే నేనిటెందుకు తిప్పుతానండి?”

“పొద్దున్న నా చేత్తో నేనే పెట్టాను కుర్చీ,” అన్నాడు సూర్యారావు. “ఎవరు తీశారది?”

సత్యవేణి గుమ్మంలోనే ఉంది. పిల్లలే ఆడుకోడానికి తీసుంటారని ఎవరో అన్నారు. అందరూ పిల్లల మీద పడబోతుంటే నాగరత్నం గొంతు వినబడింది.

“ఎవరు తీస్తే ఏంట్రా ఇప్పుడు. ఆయన్ని పోనియ్యి. పిల్ల పీట మీద ఉండగా ఏంటీ రభస.”

ఆవిడ మాటకి ఎదురేముంది? కారు వెనక్కి వెళ్ళింది. సూర్యారావు మలుపులో ఇంకో కుర్చీ పెట్టించాడు. ఈసారి ఎక్కడ దొరికిందో ఖాళీగా దొరికింది. నన్ను అరుగు పక్కన పడేశారు. భోజనాలు మొదలయ్యాయి. ఆవిడ అలగబట్టి బతికిందని తిన్నవాళ్ళంతా చెప్పుకుని నవ్వుకున్నారు. అలక్కి కూడా ఒక విలువుందని ఆ పూట తేలింది.

సత్యవేణి మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. వడ్డించింది. ఒకాయనకి పులిహోర వేసి, రెండడుగులు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి పులిహోరే వేసింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టినా ఆ చేతి మీదే వేసింది. ఎవరు పలకరించినా ఆఁ అనేది. ఫోటోలకి నిలబడమంటే నిలబడింది. ఆమె లోపల ఏమీ కదలడం లేదు. ఆ స్థితి నాకు బాగా తెలుసు. అచ్చులో పోసి చల్లార్చాక నాకూ అలాగే ఉండేది.

పొద్దు వాలింది. చుట్టాలు వెళ్ళిపోయారు. కుర్చీలన్నీ దొంతరలుగా పేర్చి ఉన్నాయి. సత్యవేణి నా దగ్గరకొచ్చి నిలబడింది. వెనకాలే నాగరత్నం వచ్చింది.

“వదినగారూ, ఆ కుర్చీ…”

“తెలుసు,” అంది నాగరత్నం. “నువ్వు దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తున్నావో నేను చూస్తానే ఉన్నాను. అదక్కడ ఎందుకుందో కూడా తెలుసు. మా ఇంట్లోనూ అలాగే పెడతాం.” విరిగిన నా కాలు వంక చూసింది. “వద్దని అనొచ్చు. అన్లేదు. అప్పుడు నాకు కుర్చీయే కావాల్సొచ్చింది సత్యవేణీ.”

సత్యవేణి అక్కడే, మట్టిలో, కూలబడింది. మధ్యాహ్నం నుంచి పట్టి ఉంచిన ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. నాగరత్నం ఆమె వంక చూసి, తన పట్టుచీర కూడా చూసుకోకుండా, పక్కనే చతికిలబడింది. ఒకరినొకరు పట్టుకోలేదు, ఓదార్చుకోలేదు. పక్కపక్కన కూర్చున్నారంతే.

బుల్లబ్బాయి మనిషి ట్రాలీ తెచ్చి కుర్చీలు ఎక్కిస్తూ వాళ్ళని చూశాడు. నేల మీదెందుకమ్మా, రెండు కుర్చీలు దింపమంటారా అని అడిగాడు. వాళ్ళు వినలేదో, వినీ అక్కర్లేదనుకున్నారో. చివర్లో నన్ను కూడా పైన పడేసి ట్రాలీ కదిలేదాకా, ఇద్దరూ అలా నేల మీదే ఉన్నారు.