రిబ్బన్ కట్టిన గంజు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడు జిల్లాల్లో అంగన్‌వాడీల పేరు మీద ఏ సభ జరిగినా టెంట్లు, కుర్చీలు, మైకు, భోజనాల కాంట్రాక్టు జనగామ కరుణాకర్‌దే. ముందు అతని లారీ దిగుతుంది. లారీ వెనక అతని పనులన్నీ చూసే గోరీ దిగుతుంది. కరుణాకర్ జనగామ ఆఫీసులో ఫ్యాను కింద ఉంటాడు. ఎండలో నిలబడేది గోరీ.

పిల్లల ఎదుగుదల మీద గోరీ కట్టించినన్ని ఫ్లెక్సీలు ఇంకెవరూ కట్టించి ఉండరు. సొంత బిడ్డ దీప ఎంత ఎదిగిందో మాత్రం ఆమె ఫోనులో చూడాల్సిందే. పిల్లను మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు దగ్గరి తండాలో తన తల్లి ద్వాలి దగ్గర ఉంచింది. మొగుడు జైపాల్ బొంబాయి పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. జనగామకు తెచ్చుకుందామంటే, పొద్దున లారీ ఎక్కి పోయే ఆడదాని పిల్లను ఎవరు చూడాలి? ఇది అర్థం కాని ముచ్చటేమీ కాదు. అర్థమైనంత మాత్రాన కడుపు ఊరుకుంటుందా? సభల్లో ఎవరి పిల్లయినా చంకనెక్కితే గోరీ ఆ నెత్తి వాసన చూసేది. తన బిడ్డ వాసన కాదు. దించేసేది.

దీప అమ్మమ్మనే ‘యాడీ’ అని పిలుస్తుంది. లంబాడీలో యాడి అంటే అమ్మ. కన్నతల్లిని మాత్రం తండావాళ్లందరిలాగే ‘గోరీ’ అంటుంది.

మహబూబాబాద్‌లో పోషకాహార సభ పడింది. బయలుదేరే ముందు కరుణాకర్ పిలిచాడు.

“గీ మీటింగు మంచిగ అయిపోనియ్యి చెల్లే. నిన్ను గా జిల్లాకే ఇన్‌చార్జిగ వేస్త. పొద్దుగూకితె తండాల ఉంటవ్, బిడ్డను పక్కల ఏసుకొని పంటవ్. ఖరాబ్ జేసినవనుకో, భూపాలపల్లి జాగ ఖాళీగనే ఉన్నది.”

“ఒట్టేనా అన్నా?”

“ఒట్లెందుకే? నేనేమన్న ఓట్లకు వచ్చిన్నా?”

ఆ ‘పక్కల ఏసుకొని పంటవ్’ అన్న మాట గోరీని పట్టుకుని వదల్లేదు. కుర్చీలు లెక్కపెడుతున్నా అదే, తాడు బిగిస్తున్నా అదే.

సభకు పిల్లలను తేవడం కూడా కాంట్రాక్టులో భాగమే. హాలు పక్క ఊళ్లలోనే కావలసినంతమంది పిల్లలు ఉన్నారు. గోరీ తన తండా పేరు చెప్పింది.

“అంత దూరం నుంచి ఎందుకు?” అని అంగన్‌వాడీ సూపర్‌వైజర్ అడిగింది.

“తండా పోరగాండ్లుంటే ఫొటో మంచిగొస్తది మేడం” అంది గోరీ. పెద్దవాళ్లకు ఏ మాట రుచిస్తుందో ఈ పనిలో నేర్చుకుంది. తనకు కావలసింది ఒక పూట బిడ్డను చూడడం. అంతే.

సభరోజు తండా అంగన్‌వాడీకి తాళం పడింది. పోషకాహార సభ కాబట్టి ఆ రోజు అక్కడ అన్నం లేదు, గుడ్డు లేదు. టీచర్ విజయ తెల్లారకముందే పిల్లలను నిద్ర లేపి ఆటోల్లో ఎక్కించింది. దీపతో పాటు ద్వాలి కూడా ఎక్కింది. హాలు ముందు ఆటో ఆగగానే గోరీ ఉరికింది. దీప ఆమెను చూసి ద్వాలి లంగా వెనక దాక్కుంది.

“గోరీ వచ్చింది, పోవే” అని ద్వాలి లంబాడీలో చెప్పి ముందుకు నెట్టింది.

పిల్ల పోలేదు. గోరీ చాచిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. ఇంతలో మైకువాడు కేక వేశాడు, ఆమె పోవలసి వచ్చింది.

పిల్లల ముందు పళ్లాల్లో పసుపు కలిపిన బియ్యం పోసి పెట్టారు. ముఖ్య అతిథి వచ్చి, చేయి పట్టి అక్షరాలు దిద్దించాలి. తర్వాత కిచిడీ వండిన పెద్ద గంజు మీది రిబ్బన్ కత్తిరించి, మూత తీసి, మొదటి గరిటె వడ్డించాలి. ఆ ఫొటో లేకపోతే బిల్లు పాస్ కాదు. అందుకని గంజుకు ఎర్ర రిబ్బను, దాని మీద బంతిపూల దండ. అన్నానికి ఉరి వేసినట్టు.

అతిథి రాలేదు. పాలకుర్తిలో ఉన్నారన్నారు. బయలుదేరారన్నారు. మళ్లీ పాలకుర్తిలోనే ఉన్నారన్నారు. ఎండ రేకుల మీదికొచ్చింది.

వంటమనిషి పెద్దులు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. “బిడ్డా, కిచిడి గడ్డకడ్తాంది. సారుకు పెడుదునా, గోడకు పెడుదునా?”

“జర ఆగు పెద్దులు మామా.”

అప్పుడే విజయ గొంతు వినిపించింది. “ఏయ్, తినకుండ్రి! గవి సారు రాపిచ్చే బియ్యం!”

గోరీ తిరిగి చూసింది. వరసల్లోని పిల్లలు పళ్లాల్లోని బియ్యం బుక్కుతున్నారు. దీప పిడికిలి నిండా నోట్లో పోసుకుని కరకర నములుతోంది. మూతి చుట్టూ పసుపు. దగ్గరి ఊళ్ల పిల్లలైతే ఇంత తిని వచ్చేవాళ్లు. వీళ్లను ఖాళీ కడుపుతో ఇంత దూరం లాక్కొచ్చింది తనే.

కరుణాకర్‌కు ఫోన్ చేసింది. “అన్నా, పోరగాండ్లు పచ్చి బియ్యం తింటాండ్రు. గంజు ఇప్పుత.”

“పిచ్చి లేసిందా? బిస్కిట్లియ్యి.”

“అయిపోయినయన్నా.”

“గోరీ, ఇను. ఇంత సేపు ఓర్సిండ్రు, ఇంకింత ఓర్సుకుంటరు. నువ్వు తండాల పండేది యాదికుంచుకో.”

ఆమె యాదికుంచుకుంది. చీకట్లో తన మెడ మీద బిడ్డ ఊపిరి ఎట్లా ఉంటుందో అక్కడే నిలబడి తలచుకుంది. ఫోన్ పెట్టేసింది. అతిథి కోసం పళ్లెంలో ఉంచిన కత్తెర తీసి రిబ్బన్ కత్తిరించింది. దండ కింద పడింది.

“మూత తియ్యి మామా.”

“సచ్చినం పో” అంటూనే పెద్దులు నవ్వుతూ గరిటె ముంచాడు.

అన్ని వరసలకూ వడ్డించాక గోరీ దీప ముందు కూర్చుంది. ముద్ద చేసి, ఊది, నోటి దగ్గర పెట్టింది. పిల్ల ద్వాలి వైపు చూసింది, ముద్ద వైపు చూసింది. నోరు తెరిచింది. మెత్తని నాలుక గోరీ వేళ్లకు తగిలింది. రెండు ముద్దలు పోయాక పిల్ల తనంతట తనే వచ్చి ఒళ్లో కూర్చుంది. గోరీ వంగి నెత్తి వాసన చూసింది. ఈసారి దించలేదు.

అతిథి వచ్చేసరికి పెద్దులు గంజు గీకుతున్నాడు. కడుపు నిండిన పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. కెమెరావాడు గంజులోకి తొంగి చూసి తల కొట్టుకున్నాడు. కరుణాకర్ ఫోన్‌లో తిట్టలేదు. “రేపు భూపాలపల్లి పోయే లారీ ఎక్కు. ఇగ గాడనే ఉండు” అన్నాడు.

“సరే అన్నా” అంది. ఇంకేమంటుంది?

సాయంత్రం ఆటోలు కదిలే వేళకు ద్వాలి పిల్లను ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. గోరీ ఆటో రాడ్డు పట్టుకుని నిలబడింది. దీప నిద్రకళ్లతో ఆమె చేతిని తాకింది.

“గోరీ, మల్ల మీటింగ్ ఎప్పుడు?”

భూపాలపల్లి సభకు ఈ తండా పిల్లలను ఎవరూ పిలవరు. అది వేరే జిల్లా. గోరీ రాడ్డు వదలలేదు.

డ్రైవర్ జగన్ వెనక్కి తిరిగాడు. “అక్కా, జర చెయ్యి తియ్యి.”