బాయిలరు వైపు ఒకటో గది

తలుపు తీసేసరికి తొమ్మిది వేల గుడ్లలో ఒక్కదాంట్లోనూ కదలిక లేదు.

మణెమ్మ పై ట్రేలోంచి ఒక గుడ్డు తీసి ఎడమ కంటిరెప్పకు ఆనించింది. చురుక్కుమంది. పక్క ట్రేలోది ఇంకొకటి తీసింది. అదీ అంతే. మర్నాటికి ముక్కుతో పెంకు పొడుచుకుని బయటికి రావలసిన పిల్లలు. నిన్న సాయంత్రం చెవి దగ్గర పెట్టుకుంటే లోపల గీరుతున్న చప్పుడు వినిపించింది. ఇప్పుడు గదంతా ఉడికిన గుడ్డు వాసన.

తాడేపల్లిగూడెం నుంచి పెంటపాడు పోయే రోడ్డు మీదుంది ఆ హేచరీ. గేటు నుంచి వెనక్కి వరసగా మూడు గదులు, వాటి వెనకాల ఊకతో మండే బాయిలరు, అక్కణ్ణుంచి గదిగదికీ వేణ్ణీళ్ళ గొట్టం. పందొమ్మిదేళ్ళుగా మణెమ్మ అక్కడ గుడ్లు తిప్పుతోంది. గంటకోసారి ట్రేలు ఒక పక్కకు వంచడం, వేడి చూడటం ఆమె పని. వేడి చూడటానికి గోడన ధర్మామీటర్లున్నా ఆమె వాటిని లెక్కచేసేది కాదు. కొల్లేటి ఒడ్డున వాళ్ళమ్మ వెచ్చటి ఊకలో బాతుగుడ్లు పొదిగించేది. రెప్పకు ఆనించే వేడి చూసేది. ఆ విద్యే కూతురికి అబ్బింది. ఇన్నేళ్ళలో మణెమ్మ ఎడమ రెప్ప కుడి రెప్ప కన్నా ఒక చాయ నల్లబడింది. తోటి పనిమనిషి సత్యవేణి దాన్ని చూసి, "మొగుణ్ణయినా ఇంత దగ్గరగా పెట్టుకు చూశావా వదినా?" అని ఏడిపించేది. మొగుడు చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. కొల్లేట్లో ఆ చెరువుల గట్లు సర్కారు కొట్టేసిన ఏడు ఆ పని పోయింది. అప్పట్నుంచి ఇల్లు ఈవిడ చేతి మీదే నడుస్తోంది.

పక్షం కిందట వాటంతటవే తిరిగే వాల్వులొచ్చాయి. ప్రతి గది గోడకీ అగ్గిపెట్టెంత సెన్సారు. గది చల్లబడితే అది ఆఫీసులో ఉన్న పెట్టెకు కబురు చేస్తుంది, పెట్టె ఆ గది వాల్వు తెరుస్తుంది. వెచ్చబడితే మూస్తుంది. వాల్వుల కంపెనీ మనిషి సెన్సార్లు పెట్టి, ఏ గది వైరు ఎక్కడ కలపాలో ఒక కాగితం రాసిచ్చి వెళ్ళిపోయాడు. వాల్వులు బిగించి వైర్లు కలిపింది ముసలి మేస్త్రీ నన్నే సాహెబు. హేచరీ కట్టిన నాటి నుంచి గొట్టాలన్నీ ఆయన చేతి మీదుగా వేసినవే. ధర్మామీటర్లు పీకేశారు. వాల్వు మీద ఎవరు చెయ్యి వేసినా ఊరుకోనని మేనేజరు బుచ్చిబాబు అందరికీ చెప్పాడు.

నిన్న సాయంత్రం ఇంటికి పోబోతూ మణెమ్మ ఆఖరిసారి గుడ్డు చూస్తే రెప్ప కాలింది. వాల్వు తిప్పబోయింది. పైనున్న ప్లాస్టిక్ టోపీ కదల్లేదు. అంతలో బుచ్చిబాబు చూశాడు. వేడి ఎక్కువగా ఉందండీ అంటే, పెట్టె మీద మూడు పచ్చదీపాలూ వెలుగుతున్నాయి, నీ కన్ను కన్నా అదే బాగా చూస్తుంది పొమ్మన్నాడు.

ఇవాళ గుమ్మంలో నిలబడి అతను గుడ్ల వైపు కూడా చూడలేదు.

"నిన్న చెయ్యి పెట్టావు. పొద్దుటికి ఇలా అయింది. వాల్వులొస్తే నీ పని పోతుందని కడుపుమంట, అంతేగా?"

మణెమ్మ చేతిలోని గుడ్డు ట్రేలో పెట్టేసింది. నోరు తెరిస్తే ఏం మాట వస్తుందోనని ఆమెకే భయమేసింది.

నన్నే సాహెబును పిలిపించారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వాల్వు టోపీ విప్పి, కళ్ళద్దాలు సర్దుకుని చూసి, వాల్వు బాగానే ఉందనీ ఎవరో బలవంతాన తిప్పినట్టుందనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె వంక చూడలేదు. గుడ్లన్నీ గోతిలో పోసి, ఏప్రన్ ఇచ్చేసి వెళ్ళిపొమ్మన్నాడు బుచ్చిబాబు.

ట్రే వెనక ట్రే మోసింది. గోతిలో పడ్డ ప్రతి గుడ్డుకీ పళ్ళు పటపట కొరికింది. ఆఖరి ట్రే తీయడానికి వంగినప్పుడు మోచెయ్యి గొట్టానికి తగిలి కాలింది.

ఆగిపోయింది. తలుపులు రెండూ బార్లా తీసున్నాయి. గుడ్లు లేవు. గాలి కొడుతోంది. అయినా గొట్టం సలసల కాగుతూనే ఉంది.

చరచరా గేటు వైపు గదికి వెళ్ళింది. అందులో పిల్లల్ని నిన్న మధ్యాహ్నమే అత్తిలి ఫారాలకు పంపేసి, గది చన్నీళ్ళతో కడిగి ఆరబెట్టారు. గది చల్లగా ఉంది. గొట్టం ఇంకా చల్లగా ఉంది. మణెమ్మ గోడనున్న సెన్సారు వైపు చూసింది. చలి ఈ గదికి, వేడి ఆ గదికి.

సత్యవేణిని పిలిచి, వేడి గంజి చెంబు ఆ సెన్సారుకు ఆనించి పట్టుకోమంది.

"దానికి ఆకలేస్తోందా వదినా?"

"పట్టుకోవే, చెబుతాను."

తను బాయిలరు వైపు గదికి పరిగెత్తి గొట్టం దగ్గర కూర్చుంది. కాసేపటికి వాల్వు గుర్రుమంది. గొట్టం వేడి తగ్గసాగింది, చెయ్యి ఆనించే దాకా. తలెత్తి చూస్తే గుమ్మంలో పనిముట్ల సంచీతో నన్నే సాహెబు. ఆయన జేబులోంచి కంపెనీ కాగితం తీశాడు, చూశాడు, మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"చూశారుగా సాయిబుగారూ."

"గొట్టంలో గాలి పట్టుంటుందిలే, అందుకే వేడి ఎక్కి తగ్గుతోంది," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆమె ఆఫీసుకు వెళ్ళి జరిగింది చెప్పింది. సాయిబుగారేమన్నారని బుచ్చిబాబు అడిగాడు. గాలి పట్టిందన్నారని చెప్పింది. అయితే గాలే పట్టిందన్నాడు. మణెమ్మ ఏప్రన్ విప్పి మడిచి బల్ల మీద పెట్టింది. పందొమ్మిదేళ్ళ పని ఆ మడతతో ఆగిపోయింది. ఎవరూ గుమ్మం దాకా రాలేదు.

రోడ్డు మీద ఆటో కోసం నిలబడితే వెనక నుంచి సైకిలు వచ్చి ఆగింది. నన్నే సాహెబు దిగలేదు, ఒక కాలు నేల మీద ఆన్చాడు. అరవై రెండేళ్ళు వచ్చాయనీ, చూపు మందగించిందనీ, వైర్లు తప్పు కలిపాడని తెలిస్తే ఈ చుట్టుపక్కల ఒక్క పంపు బిగించడానికి కూడా పిలవరనీ నేలను చూస్తూ చెప్పుకొచ్చాడు.

"నాకు మిగిలింది పేరొక్కటేనమ్మా."

"నాకేమన్నా రెండో పేరుందా అండీ?"

ఆయన తలొంచుకుని, తప్పయిపోయిందమ్మా అన్నాడు.

"నాకెందుకు చెబుతారు? గుడ్లు చంపినదాన్నని లోపలున్నవాళ్ళు అనుకుంటున్నారు. అక్కడ చెప్పండి. నేను ఇక్కడే నిలబడతాను. చెప్పకపోతే రోజూ వచ్చి ఇక్కడే నిలబడతాను."

ఆటో వచ్చింది. ఆమె ఎక్కలేదు. అది పోయింది. నన్నే సాహెబు సైకిలు తిప్పి, నడిపించుకుంటూ గేటు లోపలికి వెళ్ళాడు. మణెమ్మ గేటు దాకా వచ్చి, అవతలే ఆగింది. వరండాలో బుచ్చిబాబు ఫోను మాట్లాడుతున్నాడు. నన్నే సాహెబు కంపెనీ కాగితం అతని ముందు పెట్టి, రోడ్డు మీదికి వినబడేలా గొంతెత్తాడు.

"ఫోను ఒక్క నిమిషం పక్కన పెట్టండి బాబూ. ఈ కాగితంలో ఒకటో గదంటే గేటు వైపుది. మనం ఎప్పుడూ ఒకటి అనేది బాయిలరు వైపు గదినే కదండీ, వేడి ముందు దానికే చేరుతుందని. నేను ఆ లెక్కనే వాల్వు వైర్లు కలిపేశాను. వాళ్ళ సెన్సార్లేమో గేటు లెక్కన ఉన్నాయి. నడిమి గదికి సరిపోయింది, అటు చివరదీ ఇటు చివరదీ తారుమారయ్యాయి. ఇన్నాళ్ళూ అన్ని గదుల్లోనూ గుడ్లుండి ఒకటే వేడి కాబట్టి బయటపడలేదు. నిన్న ఆ గది కడిగారు, ఈ గది ఉడికింది. మణెమ్మ చెయ్యి పెట్టింది ఆపుదామనేనండి. పొద్దున టోపీ విప్పి వైరు మీద అంకె చూడగానే నాకు అనుమానమొచ్చింది. అయినా బలవంతాన తిప్పారని ఆ మనిషి ఎదురుగానే అబద్ధం చెప్పాను. ఆ గుడ్లని చంపింది నేనండి."