బిగువు కట్టు

మణికొండలో ఎవరి కాలు బెణికినా, కండ నలిగినా భాగ్యమ్మ దగ్గరికే వచ్చేవారు. గుడ్డుసొన కలిపిన మినప్పిండి పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలతో బిగించేది. ఇరవై ఏళ్లలో ఆమె కట్టు వదులైందన్న మాట ఎవరి నోటా రాలేదు.

డెబ్బై మూడు వేసవిలో ఒక పొద్దున ఆమె తమ్ముడు ఎల్లేశాన్ని రాళ్ల క్వారీ నుంచి ఇద్దరు మోసుకొచ్చారు. జారిన బండ అతని పిక్కను మరో రాతికేసి నొక్కేసిందట. దాన్ని తొలగించేసరికి చాలాసేపు పట్టిందట. చర్మం మాత్రం చిట్లలేదు. భాగ్యమ్మ ఎముక పొడవునా వేళ్లతో తడిమి చూసింది. ఎక్కడా విరగలేదు. నలిగింది కండే కదా, పది రోజుల్లో లేచి తిరుగుతాడని చెప్పి, తమ్ముడు కాబట్టి మామూలు కంటే రెండు చుట్లు ఎక్కువే వేసింది.

సాయంత్రానికి ఎల్లేశం మూలగడం మొదలుపెట్టాడు. కాలు లోపలి నుంచి పగిలిపోతున్నట్టుందన్నాడు. భాగ్యమ్మ అతని కాలి బొటనవేలు వంచి చూడబోతే కేక పెట్టాడు. కట్టు విప్పమని బతిమాలాడు.

"బిగువుంటేనే వాపు దిగుతది తమ్మీ. జర ఓర్చుకో," అంది భాగ్యమ్మ.

సుత్తి దెబ్బకు వేలు చితికినా పని ఆపని మనిషి, తెల్లవార్లూ ఏడ్చాడు. ఆమె విప్పలేదు. విప్పితే వాపు పెరుగుతుందనుకుంది. తన కట్టు తప్పని నలుగురూ అనుకుంటారన్న భయం కూడా ఆమెకు లేకపోలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎల్లేశం ముఖం తేటపడింది.

"అక్కా, ఇగ నొప్పి లేదు. అసలు కాలే లేనట్టుంది," అన్నాడు.

అడిగి మరీ జొన్న గటక తిన్నాడు. భాగ్యమ్మ ప్రాణం కుదుటపడి, తడిగుడ్డతో అతని పాదం తుడవసాగింది. అతడు ఎటో చూస్తూ, ఎప్పుడు పనికి పోవచ్చని అడుగుతున్నాడు. తుడుస్తున్న సంగతే అతనికి తెలియలేదు. ఆ మండుటెండలో వేళ్లు చల్లగా ఉన్నాయి. రెండో పాదం వెచ్చగా ఉంది. గోరు నొక్కి వదిలింది. తెల్లబడ్డ గోరు తెల్లగానే ఉండిపోయింది. గట్టిగా గిల్లింది. ఎల్లేశం మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆమె కొడవలి తెచ్చి కట్టు కోసేసింది. పిక్క మెరుస్తూ, రాయిలా బిగుసుకుపోయి ఉంది. చర్మం మీద నల్లని నీటి బుడగలు.

క్వారీ లారీలో పట్నం దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు రామబ్రహ్మం కోస్తా మనిషి. నొప్పి ఎప్పుడు తగ్గిందని అడిగి, జవాబు విని పాదం మీద నాడి పట్టి చూశాడు.

"నొప్పి తగ్గడం మంచికి కాదమ్మా. లోపల కండ వాచిపోయింది, పైన కట్టు బిగుసుకుంది. నెత్తురు ఆడక కండా నరమూ చచ్చిపోతున్నాయి. నిన్న ఏడ్చినప్పుడే తీసుకురావలసింది," అన్నాడు.

ఆ సాయంత్రమే పిక్కను రెండు వైపులా పొడవునా కోశారు. లోపలి కండ బూడిద రంగులో ఉందని, కోసినా నెత్తురు రాలేదని ఆయనే చెప్పాడు. మూడో రోజు మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

చూడవచ్చిన వాళ్లందరికీ బండ తన కాలు తీసిందని ఎల్లేశం చెప్పేవాడు. భాగ్యమ్మ ప్రతిసారీ మధ్యలో అందుకునేది.

"బండ గాదు. నేను కట్టిన కట్టు," అనేది. అతడు గోడవైపు తిరిగేవాడు.

వానలు పడ్డాక, నాట్లలో మడమ బెణికి కిష్టమ్మ వచ్చింది. భాగ్యమ్మ ఆ కాలిని ఎత్తుగా మడిచిన గొంగడి మీద పెట్టించి, తడిగుడ్డ వేసి, వేలు దూరేంత వదులుగా చుట్టింది. నాలుగు రోజులు అడుగు వేయొద్దని, వేళ్లు మొద్దుబారినా నొప్పి పెరిగినా వెంటనే దవాఖానకు పొమ్మని చెప్పింది. కిష్టమ్మకు అది వైద్యంలా అనిపించలేదు. కోకాపేటలో ఒకాయన గట్టిగా కడతాడని ఎవరో చెబితే, మర్నాడే బండి కట్టించుకుని వెళ్లింది.

సంగతి తెలిసి భాగ్యమ్మ బురదలో నడిచి కోకాపేట చేరింది. అప్పటికే కట్టు పూర్తయింది. విప్పమంటే ఆయన నవ్వి లోపలికి పోయాడు. కిష్టమ్మకూ కోపం వచ్చింది.

"నీ తమ్మునికైనట్లు అందరికైతదా ఏంది?" అంది.

భాగ్యమ్మ అరుగు మీద ఆమె పక్కనే కూర్చుని, కట్టు కింద నుంచి బయటికి కనబడుతున్న వేళ్లను పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఆమె వదలలేదు.