నలభై ఒకటో రోజున రంగు

నాకు ముక్కు మీదే కోపం. మొన్న ఆదివారం అది బాపు మీద, అంటే మా నాన్న మీద పడింది.

నేను హైదరాబాద్‌లో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ద్రవం గడ్డకట్టేటప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దామంటే అణువులు కంటికి ఆనవు. వాటికి బదులు నూకగింజలో వెయ్యో వంతుండే ప్లాస్టిక్ పూసల్ని నీళ్లలో కలిపి చూస్తాం. పూసలు వరుసల్లో సర్దుకుంటే పాలలాంటి ఆ నీళ్లలో రంగులు మెరుస్తాయి. స్ఫటికం కట్టిందన్నమాట. నా సీసాలో పూసలు మరీ ఎక్కువ. కదలడానికి సందు లేక ఇరుక్కుపోతాయి, ఎన్నాళ్లున్నా రంగు రాదని మా గైడ్ శైలేందర్ సార్ అంటారు. కదలకుండా ఉంచితే వస్తుందని నా పంతం. నా థీసిస్ మొత్తం ఆ సీసా మీదే ఉంది.

మా ల్యాబు పక్కన కొత్త భవనం కడుతున్నారు, ఒకటే అదురు. అందుకే సీసాను సిద్దిపేటలో మా ఇంటి వెనక గదిలో బండ మీద పెట్టి బాపుకు అప్పజెప్పాను. బాపు రామేశ్వర్ నలభై ఏళ్లు మెడికల్ షాపు నడిపాడు. ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చాడని రెండేళ్ల కింద మా అన్న కార్తీక్ ఆయన చేత దుకాణం మాన్పించాడు.

"పొద్దుగాల టార్చి ఏసి చూసి, రాసిపెట్టు బాపు. ముట్టకు" అన్నాను.

నలభై ఒకటో రోజున ఫోనొచ్చింది. "రంగొచ్చింది బిడ్డా!" ఎగిరి గంతేశాను. సార్ కూడా ఓడిపోయానని ఒప్పుకుని, సదస్సుకు నా పేరు పంపారు.

ఆదివారం ఇంటికెళ్తే, చెప్పులన్నా విడవకముందే బాపు ఎదురొచ్చాడు. "రుచితా, నేను దాన్ని ముట్టిన. రోజూ చేతిలకు తీస్కొని ఎల్తురుకు పట్టి చూసిన. ఏ మందు సీసనైనా గట్లనే చూస్తగద. అలవాటైపోయింది."

"ఎంత పని జేసినవ్ బాపు! ముట్టకని ఎన్నిసార్లు చెప్పిన? చిన్నపిల్లగానివా?" నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన తల దించుకుని విన్నాడు.

అరిచి అరిచి అలిసిపోయాక ఆశ పుట్టింది. మెల్లగా ఎత్తి దించితే ఏం కాదేమో. గ్లాసులో నీళ్లు పోసి తెచ్చాను. "ఎట్ల పట్టినవో చూపియ్యి."

కాసేపు వెనకాడి, గ్లాసును కిటికీ దగ్గర పైకెత్తాడు. నీళ్లు వణికాయి. ఎంతసేపటికీ ఆగలేదు.

బియ్యం కొలిచేటప్పుడు డబ్బాను ఊపితే గింజలు సర్దుకుంటాయి. సన్నగా ఊగితే పూసలూ అంతే. ఆ రంగు తనంతట తాను వచ్చింది కాదు, బాపు చెయ్యి తెచ్చింది.

నోటుపుస్తకం తెరిచాను. ఇన్నాళ్లూ ఫోన్‌లో ఫొటోలు పంపితే తేదీలే చూశాను. మొదటి పేజీలో అక్షరాలు గీత నిండా ఉన్నాయి. నలభయ్యో రోజుకు చెయ్యి పట్టు తప్పి చీమలంత అయ్యాయి.

"ఎప్పటిసంది బాపు?"

"దుకాణంల ఉన్నప్పటిసందే."

"మరి దవాఖానకెందుకు పోలె?"

"గిది వణుకుడు రోగమని నాకు తెల్వదా? దీని గోలీలు నలభై ఏండ్లు అమ్మిన. చెప్తె గీ పని గూడ గుంజుకుంటవని చెప్పలె."

ఇందాక అన్న మాటలన్నీ నాకే తిరిగి తగిలాయి. ఏడ్చాను.

తర్వాత సార్‌కు ఫోన్ చేశాను. "సీస రోజూ కదిలింది సార్. ఆ రంగు లెక్కకు రాదు. నా పేరు తీసెయ్యండి."

"ఎవరు కదిల్చిన్రు?"

బాపు నా వైపే చూస్తున్నాడు. "బాధ్యత నాది సార్. తప్పు నాదే" అన్నాను.

ఫోన్ పెట్టేసి, "రేపు దవాఖానకు పోతున్నం" అన్నాను. బాపు తలూపాడు.

మళ్లీ మొదలుపెట్టాలంటే ముందు సీసాను గట్టిగా కుదిపి, సర్దుకున్న పూసలన్నిటినీ చెదరగొట్టాలి. సీసా తెచ్చి బాపు చేతిలో పెట్టాను.

"నేనొద్దు బిడ్డా" అని వెనక్కి జరిగాడు.

"కుదుపు బాపు. ఇయ్యాల కుదపాలె."

రెండు చేతులతో పట్టుకుని, రంగంతా పోయేదాకా కుదిపాడు. రేపటి నుంచి మళ్లీ నువ్వే, ఎత్తకుండా చూడాలని చెప్పి, కొత్త పేజీలో ఒకటో రోజు అని రాశాను.