పూలజడ

మధ్యాహ్నం మెకానిక్ షాపు నుంచి సురేంద్ర అన్నానికి ఇంటికొచ్చేసరికి, రెండేళ్ల కొడుకు చైతన్య పట్టులంగా కట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు. సవరం పెట్టి పూలజడ వేసి, కళ్లకు కాటుక దిద్ది, భార్య ఉమాదేవి వాణ్ణి ఫోటో స్టూడియోకు తయారుచేసింది. పుట్టువెంట్రుకలు తీయించేలోపు మగపిల్లవాడికి ఒకసారి ఆడవేషం వేసి ఫోటో తీయించడం గోరంట్లలో చాలా ఇళ్లల్లో ఉన్నదే.

సురేంద్ర ఆ జడ పట్టుకుని లాగేశాడు. సవరంతోపాటు పిల్లవాడి వెంట్రుకలు కొన్ని ఊడివచ్చాయి. వాడు కెవ్వుమని ఏడ్చి తల్లి కాళ్లను చుట్టుకున్నాడు. ఉమాదేవి వాణ్ణి ఎత్తుకుని భర్త వైపు చూసింది. పెళ్లయినప్పటి నుంచి అతను ఆమెను గట్టిగా ఒక్క మాట అన్నవాడు కాదు.

వంటింట్లోంచి వచ్చిన అతని తల్లి కదిరమ్మకు మాత్రం అర్థమైంది.

పదిహేనేళ్ల కిందట వాళ్లది కుందుర్పి దగ్గర పల్లె. ఊళ్లో రెండు పార్టీలు. సురేంద్ర తండ్రి ఆదెప్ప ఒక పార్టీ నాయకుడి వెంట తిరిగేవాడు. వీధిలో బాంబులు పడిన రోజు బడి మూసేశారు. ఆదెప్ప ఇంట్లో మగపురుగును కూడా మిగల్చబోమని అవతలివాళ్లు అన్నారని తెలిసి, కదిరమ్మ పదకొండేళ్ల కొడుకుకు లంగా కట్టి, తలమీద ముసుగు కప్పి, గోరంట్లలో తన చెల్లెలు బయమ్మ ఇంట్లో వదిలింది. అక్కడ జుట్టు పెరిగింది. జడ వేశారు. ఎవరైనా అడిగితే బయమ్మ తన బావగారి కూతురని చెప్పేది. మగపిల్లలు గోలీలాడుతుంటే అతను కిటికీలోంచి చూసేవాడు.

ఆ ఏడే ఆదెప్పను చంపారు. శవాన్ని ఊరికి తెచ్చినప్పుడు, కడసారి ముఖం చూపించాలని బయమ్మ అతన్ని ఆ వేషంలోనే తీసుకెళ్లింది. కొడుకు ఎక్కడని ఎవరో అడిగితే, ఎక్కడున్నాడో తనకే తెలియదని కదిరమ్మ చెప్పింది. నిప్పుకుండ చిన్నాయన ఓబన్న పట్టుకున్నాడు. ముసుగు కింద ఆడవాళ్ల మధ్య నిలబడిన సురేంద్ర, లేస్తున్న పాడెను చూస్తూ, తననెవరూ గుర్తుపట్టలేదని అనుకున్నాడు. సంతోషం లాంటిదే కలిగింది. తర్వాత ఏ చావింటికి పోయినా, నిప్పుకుండ పట్టుకున్న కొడుకు వైపు అతను చూడలేకపోయేవాడు.

అప్పుడు జరిగినదంతా ఇప్పుడు కదిరమ్మే కోడలికి చెప్పింది. సురేంద్ర గోడకు ఆనుకుని తలవంచుకుని విన్నాడు. చివరికి అన్నాడు.

"నాయనను ఎత్తుకుని పోతాంటే నాకు ఏడుపు రాలేదు మా. నన్నెవరూ కనుక్కోలేదని సంతోషపడితి."



"నేను మాత్రం ఏం జేసినా రా," అంది కదిరమ్మ. "నీ ముసుగు యాడ జారుతుందోనని దాన్నే చూస్తాంటి. మీ నాయన మొగం సరిగ్గా చూసుకోలేదు నేను."

ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ఫోటో తీయించలేదు. చైతన్య చాలా రోజులు తండ్రి పిలిస్తే దగ్గరికి రాలేదు. అతను చేయి చాపితే వాడు రెండు చేతులతో తల పట్టుకునేవాడు. అది చూసినప్పుడల్లా సురేంద్ర లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

ఒక సాయంత్రం ఉమాదేవి, ఆ రోజుల్లో నిన్ను ఏ పేరుతో పిలిచేవాళ్లని మెల్లగా అడిగింది.

"రత్న," అన్నాడు.

నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు. అయినా అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.