పాడినవాళ్ల పేర్లు

అల్లూరు చర్చి పాటల కోసం బెన్హర్ తయారుచేసిన యాప్‌లో కొత్త పాట ఒక్కటే కనిపించడం లేదు. కారణం తెలిసేసరికి అతనికి ఒళ్లు మండింది. పాట ఫైలులో గాయకుల పేరు రాయాల్సిన చోట వాళ్లక్క ఎవాంజెలిన్ ఊరంతటినీ కూర్చోబెట్టింది. పాడినవాళ్లు, తబలా వాయించినవాళ్లు, చివరికి టీ కాచిన కరుణాకుమారి కూడా ఉన్నారు. పేరు అంత పొడుగుంటే ఫైలే పాడైందనుకుని యాప్ పాటను పక్కన పడేస్తోంది.

“అల్లూరు క్వయర్ అని రెండు ముక్కలు రాస్తే సరిపోదా అక్కా?”

“ఒక్క పేరు తీసేసినా ఆదివారం మొహం ఎట్టా చూపించేది? నీ యాప్‌నే బాగుచెయ్ రా.”

గొణుక్కుంటూనే బెన్హర్ కోడు దిద్దాడు. నిజానికి ఆ హద్దు పెట్టింది తనే. ఈసారి పాట వచ్చింది. దాని కింద పేర్లన్నీ రైలుపెట్టెల్లా కదిలాయి. చిట్టచివర ‘రొయ్యల గుంట పెంచలకృష్ణ’ అని ఉంది.

“ఈయన పాడలేదు గదా!”

“పాడలా. రికార్డింగ్ అయ్యేదాకా గుంటలో నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆపినాడు. ఆ నీళ్ల మోతలో మన పాట ఎవురికి వినపడేది?”

సాయంత్రం బెన్హర్ చర్చి వెనకున్న గుంట గట్టు మీదికి వెళ్లి, పెంచలకృష్ణ చేతికి ఫోనిచ్చాడు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని పేర్లన్నీ ఓపిగ్గా చూశాడు. చివరికి తన పేరు దాకా వచ్చాడు. లేచి వెళ్లి, ఏరియేటర్లు ఆపేసి వచ్చి కూర్చున్నాడు.

“ఇప్పుడు పెట్టు అబ్బయా, మొదట్నించి.”