మనుషులు పోసిన దిబ్బ

లిడియా టీచరు పుల్లమ్మకు రెండు జాగ్రత్తలు చెప్పింది. ఆఫీసరు అడిగినంతవరకే జవాబు చెప్పాలి, చెప్పింది నిజమై ఉండాలి. మొదటిది తన వల్ల అయ్యే పని కాదని పుల్లమ్మ అప్పుడే తేల్చేసింది. రెండోదానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదన్నది.

"నువ్వేమీ కల్పించనక్కర్లేదు పుల్లమ్మా. న్యాయం మన వైపుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు," అన్నది లిడియా. దర్శి బడిలో పాఠాలు చెప్పి, రిటైరై, పుట్టిన పల్లెకే తిరిగొచ్చిన మనిషి. అర్జీ రాసింది ఆవిడే. దాన్ని పట్టుకుని జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగిందీ ఆవిడే.

మిరప, పత్తి పండే నల్లరేగడి ఎక్కడ ఆగి ఉప్పునేల మొదలవుతుందో ఆ పల్లె అక్కడ ఉంది. మిరప కోతలున్నప్పుడు ఆడవాళ్ళు దర్శి వైపు కూలికి పోతారు. కోతలు లేని రోజుల్లో వాళ్ళ పొయ్యి వెలిగేది ఉప్పుటేటి మీదే. ఏటి మధ్యన ఒక దిబ్బ ఉంది. ఒకదాన్నొకటి కరుచుకుని పెరిగిన ఆల్చిప్పల దిబ్బ. పోటు తగ్గి నీళ్ళు తీసినప్పుడు మొలలోతున నడిచి వెళ్ళి, చిప్పలు కొట్టి తెచ్చుకుని, మాంసం ఒలిచి, పచ్చి చింతకాయ వేసి వండుకుంటే ఇంటిల్లిపాదికీ ఆ పూట గడిచిపోతుంది.

ఆ చిప్పలు తవ్వి, ఎండబెట్టి, పొడికొట్టి కోళ్ళ మేతకు అమ్ముకునేందుకు జయరావు అనే కాంట్రాక్టరు అనుమతి తెచ్చుకున్నాడు. అందులో ఒక షరతు ఉంది. సహజంగా ఏర్పడిన దిబ్బ అయితే ముట్టుకోకూడదు. అక్కడున్నవి ఒట్టి చచ్చిన చిప్పలని జయరావు రాసిచ్చాడు. కాదు, ప్రాణమున్న దిబ్బ అని లిడియా అర్జీ పెట్టింది. తేల్చడానికి త్యాగరాజు గారనే ఆఫీసరు వచ్చాడు.

పడవ దిబ్బ దగ్గర ఆగగానే అమీర్‌బీ ముందుగా దిగింది. పుల్లమ్మ పక్కింటి మనిషి. నోరు ఊరికే ఉంచుకోదు.

"బూట్లు విప్పకండి సార్. మా చిప్పలు మర్యాద నేర్చుకోలేదు. ఆఫీసరు కాలైనా కోసేస్తాయి."

త్యాగరాజు గారు నవ్వాడు. వెంట వచ్చిన జయరావు కూడా నవ్వి, "ఎందుకత్తా ఈ గుల్లలు పట్టుకుని ఏడుస్తారు? నేను వీటిని కోళ్ళకు పెడతాను, మీరు కోళ్ళను తినండి. అందరం బాగుంటాం," అన్నాడు పుల్లమ్మతో.

"నీ కోడి ఏట్లో ఈదుకుంటూ మా ఇంటికొస్తదా? కొనుక్కోమంటావు," అన్నది అమీర్‌బీ.

పుల్లమ్మ వాళ్ళ మాటలు వినడం లేదు. నీళ్ళలో చెయ్యి పెట్టి పాత చిప్పనొకదాన్ని పైకి తీసి ఆఫీసరు ముందు పట్టుకుంది. దాని మీద పల్చటి మచ్చలు అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి.

"ఇవి పిల్లలండి. అచ్చం మిరప గింజల్లా లేవూ? ఇవి బురదలో పడితే బతకవు. గట్టిది ఏదైనా దొరికితే అంటుకుంటాయి. అంటుకున్నాక ఇక చచ్చేదాకా ఆ చోటు వదలవు. ఈ సందుల్లోనే పీతలు దాక్కుంటాయి, రొయ్యపిల్లలు పెరుగుతాయి. దిబ్బ లేదంటే ఇవేవీ లేవండి."

త్యాగరాజు గారు చిప్పను అందుకుని ఎండకు పెట్టి చూశాడు. బూట్లతోనే నీళ్ళలోకి దిగాడు. ఇంకో నాలుగు చిప్పలు తనే తీసి చూసి, ఫొటోలు తీసుకున్నాడు. ప్రాణమున్న దిబ్బేనని పైకే అన్నాడు. జయరావు మొహం మాడింది. లిడియా పడవలో కూర్చునే కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ ఆఫీసరు బుద్ధిగా పనిచేసే మనిషి. పాదం కింద నేలను నొక్కి చూసుకుని, "చుట్టూ అంతా మెత్తటి బురదే కదమ్మా. గట్టిది లేందే అంటుకోవంటున్నారు. మరి ఇక్కడ దిబ్బ ఎలా లేచింది?" అని అడిగాడు.

పుల్లమ్మ మొహం వెలిగింది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ ఆమెను అడిగిన పాపాన పోలేదు.

"మేం పోసిందే గదండీ. కూర వండుకున్నాక ఖాళీ చిప్పలు పెంట మీద వేస్తే మా అత్త ఊరుకునేది కాదు. తీసిన చోటే పెట్టి రమ్మనేది. ఆమె అత్త కూడా అంతేనంట. ఈ పల్లెకి కోడలై వచ్చిన పిల్ల ముందు నేర్చుకునే పని అదే. బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి ఇక్కడ కుమ్మరించి పోవడం."

జయరావు ఒక్క అడుగు దగ్గరికి జరిగాడు. "అంటే, ఇదంతా మీరు పోసిందేనా అత్తా?" అన్నాడు. ఆ గొంతులో అంత మెత్తదనం ఆమె ఎన్నడూ వినలేదు.

"కాకపోతే నువ్వు పోశావా?" అన్నది పుల్లమ్మ. అమీర్‌బీ పకపకా నవ్వింది. లిడియా నవ్వలేదు.

త్యాగరాజు గారు పుల్లమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, బాగా ఆలోచించి చెప్పండి. అడుగున మొదట్నుంచీ కొంత దిబ్బ ఉండి ఉంటుంది. దాని పైన మీవాళ్ళు పోస్తూ వచ్చారు. అంతేనా?"

ఆయన ఏదో అందిస్తున్నాడనీ, దాన్ని తను అందుకోవాలనీ పుల్లమ్మకు లీలగా తెలిసింది. అదేమిటో మాత్రం తెలియలేదు. లిడియా వైపు చూసింది. టీచరమ్మ పడవ అంచు పట్టుకుని ముందుకు వంగింది.

"ముందు ఇక్కడ ఒట్టి బురదేనని మా అత్త చెప్పేదండి," అన్నది పుల్లమ్మ.

ఇక దాచడానికి ఏమీ లేకపోయింది. మనుషులు పోసినదాన్ని సహజమని తాను రాయలేనని త్యాగరాజు గారు నెమ్మదిగా చెప్పాడు. లిడియా పడవలోనే లేచి నిలబడింది.

"వరి కూడా మనిషి నాటిందేనండి. సహజం కాదు కదా అని పచ్చటి చేలోకి యంత్రాన్ని పంపిస్తారా?"

"చేనుకు పట్టా ఉంటుందండి. ఏటికి లేదు."

"ప్రాణముందని మీరే అన్నారు."

"అన్నాను. రిపోర్టులో రాస్తాను కూడా. కానీ షరతులో ఉన్న మాట ప్రాణం కాదు మేడమ్."

వెళ్ళేటప్పుడు ఆయన పుల్లమ్మకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. దుర్మార్గుడై ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది. ఆ సుఖం కూడా ఆమెకు మిగల్లేదు.

గట్టెక్కాక పుల్లమ్మ అడిగింది. "నేను అబద్ధం చెప్పానా టీచరమ్మా?"

"లేదు."

"మరి మనమెందుకు ఓడిపోయాం?"

"పై ఆఫీసుకు అర్జీ పెడదాం," అన్నది లిడియా.

"అప్పుడూ నన్నే అడుగుతారా?"

"అడుగుతారు."

"అప్పుడేం చెప్పమంటారు?"

బతుకంతా పిల్లల చేత నిజం చెప్పించిన మనిషి ఆమె. అర్జీ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని ముందుకు నడిచింది.

పై ఆఫీసు కదలకముందే పొక్లెయిన్ వచ్చింది. ఆడవాళ్ళు దాని కన్నా ముందు ఏట్లోకి దిగి, ప్రాణమున్న చిప్పల్ని బుట్టలకెత్తి, ఏటి దిగువకు తీసుకెళ్ళి దింపారు. అక్కడ గట్టిదేదీ లేదు. మళ్ళీ పోటు తగ్గేసరికి బురద వాటిని మింగేసింది. ఆ పూట అమీర్‌బీ కూడా హాస్యమాడలేదు.

కోతలు మొదలయ్యాయి. పొక్లెయిన్ దిబ్బను తవ్వేసిన మరుసటి ఉదయమే మిరప తోటకు పోయే ఆటోలో ఆడవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. రోడ్డు పక్క కళ్ళంలో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. దాన్ని ఆనుకునే జయరావు చిప్పల్ని గుట్టగా పోయించాడు. ఇంకా తడి ఆరలేదు. చచ్చినవి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తక్కినవి లోపలున్న కాసిన్ని ఏటి నీళ్ళను బిగించి పట్టుకుని మూసుకునే ఉన్నాయి. నీడన ఉంటే అవి ఇంకొన్నాళ్ళు అలాగే బతుకుతాయని పుల్లమ్మకు తెలుసు. ఇక్కడ నీడ లేదు.

"బాబూ, ఒక్క క్షణం ఆపు."

"ఎందుకు పెద్దమ్మా? పొద్దెక్కితే మేస్త్రీ నన్ను తిడతాడు."

"బతికున్నాయయ్యా."

"ఆపుతాడే అనుకో," అన్నది అమీర్‌బీ, ఆమె చెయ్యి పట్టుకుని. "ఎక్కడ పెడతావక్కా వాటిని?"

పుల్లమ్మ ఏటి వైపు తిరిగి చూసింది. ఏ చోటూ తోచలేదు. ఆటో మలుపు తిరిగింది.